సనద్ లేని హునర్ ఇంకెన్నాళ్లు?



పదో తరగతి రిజల్టు వచ్చిన వారం రోజుల్లోనే మన మొహల్లాల్లో పిల్లాడి సంగతి తేల్చేస్తారు. మార్కులు బాగుంటే ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట బీటెక్. మార్కులు తక్కువైతే చాచా వెల్డింగ్ షెడ్డు, లేదంటే మామూ నడిపే ఏసీ రిపేరు దుకాణం. రెండూ కుదరకపోతే పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు, ఏజెంటు, దమ్మామ్. ఈ ఫైసలాలో దాదీ మాట్లాడుతుంది, మామూ మాట్లాడతాడు, మస్జిద్ బయట చాయ్ తాగే అబ్బా దోస్తులు కూడా తలా ఒక మష్వరా ఇస్తారు. పిల్లాడిని మాత్రం ఎవరూ అడగరు. ఆడపిల్ల అయితే ఆ ఫైసలా అంతకు ముందే అయిపోయి ఉంటుంది.

ఇవాళ నేను రాస్తున్నది ఇంకో దారి గురించి. ఇది నిన్న మొన్న పుట్టింది కూడా కాదు, 1961లోనే పార్లమెంటు దీనికి చట్టం చేసింది. పని జరిగే చోటే పని నేర్పుతారు, నేర్చుకున్నంత కాలం నెలనెలా వజీఫా ఇస్తారు, చివర దేశమంతా చెల్లే సనద్ చేతికిస్తారు. దాని పేరు అప్రెంటిస్‌షిప్. ఓడల్లో పని నేర్చుకునేవాళ్లను కేడెట్లు అన్నట్టే, ఫ్యాక్టరీలో, డిపోలో, ఆఫీసులో పని నేర్చుకునే వాళ్లను అప్రెంటిస్‌లు అంటారు. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే "ఐటీఐ వాళ్ల పని" అని మొహం చిట్లించేవాళ్లు కొందరు, "ఆరు వేలకి ఎవడు పోతాడు" అని నవ్వేవాళ్లు కొందరు. ఈ రెండు జవాబులూ మన పిల్లల హక్ కొట్టేస్తున్నాయని నా వాదన.

ఉస్తాద్ దగ్గర ఐదేళ్లు, చేతిలో సున్నా

మనది హునర్ ఉన్న కౌమ్. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు, కర్నూలు, నిజామాబాద్ గల్లీల్లో, హైదరాబాద్ పాత బస్తీలో, బండి శబ్దం విని జబ్బు చెప్పగల మేస్త్రీల్లో మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఉస్తాద్–షాగిర్ద్ రిష్తా అంటే నాకూ ఎంతో ఇజ్జత్ ఉంది. కానీ ఆ రిష్తా ఇవాళ ఏ షకల్‌లో ఉందో చూడండి. మొదటి ఏడాది చాయ్ తేవడం, షట్టర్ ఎత్తడం, నేల ఊడ్చడం. రెండో ఏడాది పానాలు అందించడం. మూడో ఏడాది దాకా చేతికి పని రాదు. ఇచ్చేది రోజు ఖర్చు, ఈద్‌కి ఒక జత బట్టలు. ఐదేళ్లకు పోరడు పక్కా మిస్త్రీ అవుతాడు, మాషా అల్లాహ్. కానీ ఆర్టీసీ డిపో గేటు దగ్గరో, ఫ్యాక్టరీ గేటు దగ్గరో నిలబడితే "సర్టిఫికెట్ ఉందా బాబూ?" అంటారు. "ఫలానా ఉస్తాద్ దగ్గర ఐదేళ్లు చేశాను సాబ్" అన్న జవాబు ఆ గేటు దాటదు.

మిషన్ కింద వేలు నలిగిన రోజు సంగతి? షెడ్డు ఓనర్ ఆసుపత్రికి తీసుకెళ్తాడు, మంచివాడైతే పట్టీ ఖర్చు పెడతాడు, నెల రోజులు ఇంట్లో ఉండమంటాడు. అంతే. ఆ పోరడు అక్కడ పని చేశాడనడానికే కాగజ్ లేదు, ఇక ముఆవజా ఎవరిని అడుగుతారు?

ఇంకో చేదు మాట. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కడా పనిలో పెట్టుకోకూడదని, పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపువాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది. సెలవుల్లో ఇంటివాళ్ల దుకాణంలో చేయి అందించడం వేరు, స్కూలు మానేయించి షెడ్డుకు అప్పగించడం వేరు. "మావాడు చదువులో వీక్" అన్న మాట వెనక మనం ఈ తేడాను దాచేస్తున్నాం.

చట్టం ఏమిస్తానంటోంది?

అప్రెంటిస్ చట్టం కింద చేరాలంటే కనీసం పద్నాలుగేళ్లుండాలి. ప్రమాదకర పరిశ్రమల్లో అయితే పద్దెనిమిది. చేరేముందు రాతపూర్వకంగా ముఆహిదా, అంటే కాంట్రాక్టు, రాసుకోవాలి. పిల్లాడు మైనర్ అయితే ఆ కాంట్రాక్టు మీద తల్లో తండ్రో, గార్డియన్ ఎవరైతే వాళ్లు దస్తఖత్ చేస్తారు. ఏ పని, ఎన్ని నెలలు, ఎంత వజీఫా అన్నది అందులో ఉంటుంది. శిక్షణలో ప్రమాదం జరిగితే ముఆవజా ఇచ్చే జిమ్మేదారీ యజమానిదేనని చట్టంలో రాసి ఉంది. షెడ్డులో నలిగిన వేలికీ, ఇక్కడ నలిగిన వేలికీ ఉన్న ఫరక్ ఇదే.

వజీఫా లెక్క చూడండి. 2019లో సవరించిన నిబంధనలు నెలకు కనీస వజీఫాను ఇలా పెట్టాయి: ఐదు నుంచి తొమ్మిది తరగతులు చదివినవాళ్లకు 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ అయినా ఐటీఐ అయినా 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది దీని మీద 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరుగుతుంది. 2025లో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ ఈ రేట్లను 36 శాతం పెంచమని సిఫారసు కూడా చేసింది. కాబట్టి చేరే నాటికి రేటు ఎంతుందో అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో చూసుకోండి. ఇది కనీసం మాత్రమే, ఎక్కువిచ్చే కంపెనీలూ ఉన్నాయి.

ఎన్ఏపీఎస్ అనే కేంద్ర పథకం కింద చేరితే వజీఫాలో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, సర్కారు నేరుగా పిల్లాడి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 6,000 అన్నచోట కంపెనీ నుంచి 4,500, సర్కారు నుంచి 1,500 వేర్వేరుగా పడొచ్చు. "కంపెనీ వాడు తక్కువేశాడు" అని కొట్లాటకు పోయే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

పది కాగానే నేరుగా చేర్చుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. కానీ ఇనుము, కరెంటు, ఇంజన్ పనుల్లో గట్టి రాస్తా ఇది: పది, తర్వాత ట్రేడును బట్టి ఒకటి లేదా రెండేళ్ల ఐటీఐ, ఆ తర్వాత సాధారణంగా ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్, దాని మీద జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. పదహారేళ్లకు మొదలుపెట్టినవాడు పంతొమ్మిదికి చేతిలో హునర్, చేతిలో సనద్, ఖాతాలో సొంత కమాయీతో ఉంటాడు. నెత్తి మీద కర్జా ఉండదు.

ఇక ఎక్కడంటారా? హైదరాబాద్‌లో హఫీజ్ బాబా నగర్ పక్కనే కాంచన్‌బాగ్ ఉంది. అక్కడ బీడీఎల్ ఉంది, మిధానీ ఉంది. ఐటీఐ అప్రెంటిస్‌లను తీసుకునే సంస్థలివి. ఆ గేట్ల ముందు నుంచి రోజూ ఆటో నడుపుకుంటూ పోయే అబ్బాల్లో ఎంతమందికి లోపల పిల్లలకు వజీఫా ఇచ్చి పని నేర్పుతారని తెలుసు? ఊరికి ఇంకో వైపు ఈసీఐఎల్, బాలానగర్‌లో హెచ్ఏఎల్, రామచంద్రపురంలో బీహెచ్ఈఎల్. విశాఖలో నేవల్ డాక్‌యార్డుకు సొంతంగా అప్రెంటిస్ స్కూలే ఉంది. ఆంధ్రలో ఆర్టీసీ జిల్లాలవారీగా డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ అప్రెంటిస్‌ల కోసం ప్రకటనలు ఇస్తుంది. ఆ డిపో మీ ఊరి బస్టాండు వెనకే ఉంటుంది.

ఐటీఐ అంటే పాడుబడ్డ షెడ్డు అనుకునేవాళ్లు మల్లేపల్లి వైపు ఒకసారి వెళ్లి రండి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో పునాదిరాయి పడింది అక్కడే. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఐటీఐ ఉంది, కడపలో అదే యూనివర్సిటీ పాలిటెక్నిక్ ఉంది. "మావాడికి ఇంగ్లీషు రాదు, తెలుగు సరిగా రాదు" అన్న బహానా కూడా ఇక చెల్లదు.

"మనవాళ్లను తీసుకోరు" అన్న మాట

ఇది వినగానే మెజారిటీ తలలు ఊగుతాయి. తఅస్సుబ్ లేదని నేను అనను. అద్దె ఇల్లు వెతికిన ప్రతి ముసల్మానుకూ అది తెలుసు. 2006లో సచార్ కమిటీ లెక్కతీస్తే రైల్వే ఉద్యోగుల్లో మనవాళ్లు 4.5 శాతం. అందులోనూ దాదాపు అందరూ కింది మెట్ల మీదే. ఈ అంకె చదివి ఇరవై ఏళ్లుగా జల్సాల్లో తఖ్రీర్‌లు ఇస్తున్నాం.

సరే, అదే రైల్వేలో అప్రెంటిస్‌లను ఎలా తీసుకుంటారో చూద్దాం. సికింద్రాబాద్‌లోని దక్షిణ మధ్య రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్ ప్రకటన ఇస్తుంది. పదో తరగతిలో కనీసం 50 శాతం, చేతిలో ఐటీఐ, వయసు 15 నుంచి 24. రాత పరీక్ష లేదు. ఇంటర్వ్యూ లేదు. పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. లాలాగూడ వర్క్‌షాపు, గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు, తిరుపతి క్యారేజ్ షాపు, కాజీపేట, గుంతకల్ లాంటి చోట్ల శిక్షణ ఇస్తారు. ఇంటర్వ్యూ లేనిచోట పేరు చూసి మొహం ముడుచుకునేవాడు ఎక్కడ కూర్చుంటాడు? రైల్వేలో శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకు ఆ తర్వాత లెవెల్-1 నేరు నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయించారు. పరీక్ష రాయాల్సిందే, కానీ ఆ వరస చిన్నది.

మన మొహల్లాలో ఎంతమంది పోరలు ఆ ఫారం నింపారు? జవాబు మీరే చెప్పండి. తలుపు మూసి ఉందని ఫిర్యాదు చేసే హక్ తలుపు తట్టినవాడికి ఉంటుంది. తట్టాక మూశారంటే అప్పుడు ఆర్టీఐ వేద్దాం, కోర్టుకు పోదాం, వీధిలో నిలబడదాం. నేనూ వస్తాను.

మిగతా ఎత్తిపొడుపులకు జవాబు

"ఆరు వేలకు ఎవడు పోతాడు, జొమాటో తొక్కినా పదిహేను వేలు వస్తాయి." వస్తాయి. మూడేళ్ల తర్వాత కూడా అంతే వస్తాయి, పెట్రోలు మాత్రం పెరుగుతుంది. ఆరు వేలంటే ఏడాదికి 72,000. పిల్లాడు నేర్చుకుంటున్నందుకు ఎదురు ఇస్తున్న డబ్బు అది. పేరు తెలియని కాలేజీలో బీటెక్ సీటు కోసం ఏడాదికి మనం ఎంత కడుతున్నామో పక్కన పెట్టి చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయి సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కున్న పిల్లలు మీ ఖాందాన్‌లోనే ఉంటారు. చదువులో నిజంగా దిల్ ఉన్న పిల్లాడిని బీటెక్ చదివించండి, ఖర్జా చేసైనా చదివించండి. దిల్ లేనివాడిని ఖాలా కొడుకుతో పోటీ కోసం తోయకండి.

"తర్వాత నౌకరీ గ్యారంటీ లేదు కదా." నిజం. అప్రెంటిస్‌ను తప్పకుండా ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టం చెప్పదు. అప్రెంటిస్‌ను కార్మికుడిగా కూడా లెక్కించదు. ఈ లోపాన్ని వాడుకుని సంవత్సరమంతా పోరలతో డబ్బాలు మోయించి, ప్యాకింగ్ చేయించి, ఏమీ నేర్పకుండా పంపేసే కంపెనీలూ ఉన్నాయి. అది జులుమే. అందుకే కళ్లు తెరిచి చేరమంటున్నాను. కానీ బీటెక్‌కి ఏ గ్యారంటీ ఉందని నాలుగేళ్లు ఫీజు కట్టాం? ఏజెంటుకి ఏ గ్యారంటీ చూసి లక్షలు పోశాం?

"గల్ఫ్ పోతే సరిపోతుంది." పోనివ్వండి, రిజ్క్ ఎక్కడ రాసుంటే అక్కడికి పోవాల్సిందే. కానీ ఏమీ లేకుండా పోకండి. పది పాసైనవాడికి ఈసీఆర్ లేని పాస్‌పోర్టు వస్తుంది, అది లేనివాడు ఇమ్మిగ్రేషన్ క్లియరెన్సు కోసం ఏజెంటు చేతుల్లో పడతాడు. సౌదీ ఇప్పుడు వెల్డర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ లాంటి పనులకు పోయేవాళ్లకు ఇక్కడే నైపుణ్య పరీక్ష పెడుతోంది. హెల్పర్‌గా పోయేవాడికీ, సనద్ ఉన్న టెక్నీషియన్‌గా పోయేవాడికీ తన్‌ఖాలో, గదిలో, సూపర్‌వైజర్ మాట్లాడే తీరులో ఎంత ఫరక్ ఉంటుందో అక్కడి నుంచి వచ్చినవాళ్లను అడగండి.

"ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు?" మన అంజుమన్‌లు ప్రతి రంజాన్‌కీ కుట్టు మిషన్లు పంచి ఫోటోలు దిగుతాయి. ముసల్మాన్ ఆడపిల్లకు అల్లాహ్ సూదీ దారం తప్ప ఇంకే హునర్ ఇవ్వలేదా? ఎలక్ట్రానిక్స్ మెకానిక్, కంప్యూటర్ ఆపరేటర్, డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడులు ఆడపిల్లలు చేస్తున్నారు. రైల్వే అప్రెంటిస్ ఫారానికి ఆడవాళ్లకు ఫీజు కూడా లేదు. భయం ఉంటే అమ్మీ స్వయంగా వెళ్లి చూసి రావాలి: బస్సు ఎక్కడ ఆగుతుంది, అక్కడ ఇంకెంతమంది ఆడవాళ్లు పని చేస్తున్నారు, నమాజుకు చోటుందా, ఎన్నింటికి వదులుతారు. చూశాక వద్దనుకుంటే అది సోచ్ సమఝ్‌తో తీసుకున్న ఫైసలా. చూడకుండానే వద్దనడం మాత్రం మన సుస్తీ. దానికి పర్దా పేరు పెట్టకండి.

మన సేట్ సాబ్‌లకు నాలుగు మాటలు

ఇప్పటిదాకా తల్లిదండ్రుల్ని అన్నాను. ఇక షెడ్లు, వర్క్‌షాపులు, హోటళ్లు, ఫర్నిచర్ కార్ఖానాలు నడిపే మన జనాబ్‌లను అడుగుతాను. ముప్పై మంది, లేదా అంతకు మించి పని చేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలని చట్టం. నలుగురు పని చేసే చోటు కూడా ఇష్టముంటే పోర్టల్లో రిజిస్టర్ అయి తీసుకోవచ్చు. మీ షెడ్డులో నలుగురు లేరా? ఆ కాగజ్ మీద ఒక పోరడి పేరెక్కిస్తే వాడి వజీఫాలో కొంత సర్కారే ఇస్తుంది, చివర వాడికి సనద్ వస్తుంది. మీకు పోయేదేమిటి? వాడు సనద్ తీసుకుని ఇంకోచోటికి పోతాడన్న భయమే కదా? వాడి కాళ్లకు కాగజ్ లేకపోవడం అనే సంకెల వేసి మీ దగ్గర ఉంచుకోవడాన్ని ఉస్తాదీ అంటారా? మజ్దూరు ఉజ్రత్ గురించి జుమా ఖుత్బాలో మొదటి సఫ్‌లో కూర్చుని వినేది మీరే. మీ దగ్గర ఇప్పటికే పని వచ్చిన పెద్దవాళ్లుంటే, పాత తజుర్బాను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది. ఒక రోజు సెలవిచ్చి వాళ్లను ఆ పరీక్షకు పంపండి.

ఈ నెలలో ఇంట్లో చేయాల్సింది

ముందు కాగజాత్ సరిచేయండి. మన పిల్లలకు సగం నష్టం ఇక్కడే జరుగుతోంది. పది మెమోలో "షేక్ మొహమ్మద్ రఫీ", ఆధార్‌లో "ఎస్‌కే ఎండీ రఫీ", బ్యాంకులో "రఫీ షేక్". ముగ్గురూ మన ఒక్క రఫీయే, కానీ కంప్యూటరుకు ముగ్గురు. మెమోలో ఉన్నట్టే మిగతావన్నీ మార్పించండి. పిల్లాడి పేరున ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయించండి, లేకపోతే సర్కారు వాటా పడదు. బీసీ-ఈ సర్టిఫికెట్ రాష్ట్రంలో పనికొస్తుంది. కేంద్ర సంస్థల్లో ఓబీసీ జాబితా వేరు, అందులో మీ బిరాదరీ ఉందో లేదో తహసీల్దారు ఆఫీసులో ముందే తేల్చుకోండి.

తర్వాత పిల్లాడిని అడగండి. అబ్బా హోదాలో కాదు, దోస్తులా. "బేటా, నీ చేతులకు ఏం చేస్తుంటే టైం తెలియదు?" ఫోన్ విప్పి మళ్లీ బిగించేవాడు వేరు, బొమ్మలు గీసేవాడు వేరు, దుకాణంలో కస్టమర్‌తో నవ్వుతూ మాట్లాడేవాడు వేరు. జవాబు రాకపోతే తొందరేమీ లేదు. రెండు మూడు చోట్లకు తీసుకెళ్లి చూపించండి: ఒక ఐటీఐ, ఒక డిపో, ఒక ఫ్యాక్టరీ. అక్కడ ఇప్పుడు అప్రెంటిస్‌గా ఉన్న కుర్రాడితో ఓ అరగంట మాట్లాడనివ్వండి, మీరు దూరంగా నిలబడండి. పిల్లలు పిల్లలకు నిజం చెబుతారు.

చేరే ముందు కంపెనీని అడగండి. కాంట్రాక్టు పోర్టల్లో రిజిస్టర్ అవుతుందా? ఏ ట్రేడు, ఎన్ని నెలలు? నేర్పేవాడు ఎవరు? వజీఫా ఖాతాలో పడుతుందా, చేతికిస్తారా? చివర పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయా? పోయినేడాది చేసినవాళ్లలో ఎంతమందిని ఉంచుకున్నారు? ఎవడైనా "సీటు ఇప్పిస్తా, ఇరవై వేలివ్వు" అంటే సలాం పెట్టి వెనక్కి రండి. వజీఫా ఇచ్చే చోట మనం డబ్బు కట్టడమేమిటి?

మస్జిద్ కమిటీలకు చివరి దర్ఖాస్తు. నోటీసు బోర్డు మీద చందా లెక్కలు, జనాజా ఎలాన్‌లు ఉంటాయి. ఆ పక్కన ఒక కాగితం అంటించండి: ఐటీఐ అడ్మిషన్ల ఆఖరి తారీఖు, రైల్వే అప్రెంటిస్ ఫారం, ఆర్టీసీ ప్రకటన. జుమా తర్వాత అరగంట, కంప్యూటర్ తెలిసిన ఒక నౌజవాన్‌ను లాప్‌టాప్‌తో వుజూఖానా పక్కన కూర్చోబెట్టండి. ఫారం నింపడం తెలియక ఆగిపోయిన అమ్మీలు, అబ్బాలు వాళ్లంతట వాళ్లే వస్తారు. దీనికి పెద్ద ఫండ్ అక్కర్లేదు, నేతల సిఫారసూ అక్కర్లేదు.

వచ్చే జుమాకి ఆ కాగితం మీ మస్జిద్ బోర్డు మీద ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే రాసి అంటించండి.